కనబడని కుట్టు

కుట్టుపనిలో అలంకారానికి ఉన్న గౌరవం మరుగున ఉండే పనికి లేదు. చీర చెంగున కుట్టిన పువ్వును చూచినవారు అది ఎవరి చేతిపని అని అడుగుతారు. రవికె మెడ చుట్టూ వేసిన గొలుసుకుట్టును వేలితో తడిమి మెచ్చుకుంటారు. కాని ఒక గౌను అడుగంచు ముడతపడక, వేలాడక, సమంగా నిలిచి ఉన్నదంటే, దానిని అట్లా నిలబెట్టిన కుట్టు ఒకటి ఉన్నదన్న సంగతే ఎవరికీ తోచదు. తోచకపోవడమే ఆ పని సరిగా జరిగిందనడానికి గుర్తు. ఈ పనిని మా ఇంట్లో రెండు తరాలుగా చేస్తున్నాము. అమ్మ చేతితో చేసింది, నేను మిషను మీద చేస్తున్నాను. ఈ రెండింటి నడుమ పదేళ్లపాటు మా ఇంట్లో ఒక వాదం నడిచింది. అది కేవలం కుట్టును గూర్చిన వాదం కాదు గనుక దానిని కొంత వివరంగా చెప్పవలెనని అనుకుంటున్నాను.

మేముండేది అండమాన్ దీవులలో, 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి, ఇప్పుడు శ్రీ విజయపురమనే పేరుతో వ్యవహరింపబడుతున్న పట్టణంలో. మా వీధిలో మాత్రం అందరూ ఇంకా పాతపేరే అంటారు. ఈ దీవులలో తెలుగువారు తక్కువమంది కారు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాష అని చెప్పుకొన్నవారు నూటికి పదముగ్గురికి పైగా ఉన్నారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన కుటుంబాలవారే. మా అమ్మ కూడా సోంపేట దగ్గరి పల్లెలో పుట్టి, 1974లో పెండ్లి అయిన మూడవ నెలలో విశాఖపట్నపు రేవులో ఓడ ఎక్కి, రెండు రాత్రులకు పైగా సముద్రం మీద గడిపి ఇక్కడ దిగింది.

ఆ రోజులలో ఇక్కడ బట్ట విలువ వేరు. ఈ దీవులలో పత్తి పండదు, మిల్లులు లేవు. బియ్యమూ, ఉల్లిపాయలూ, సిమెంటూ వచ్చినట్లే బట్ట కూడా ఓడ మీదనే వచ్చేది. వానకాలంలో సముద్రం పొంగితే ఓడ ఆలస్యమయ్యేది. ఆబర్డీన్ బజారులోని బట్టల కొట్టులో బేళ్లు దిగేదాకా ఉన్నదానితో సరిపెట్టుకోవలసిందే. ఇక్కడ వానకాలం అంటే రెండు మూడు నెలల మాట కాదు. నైరుతి రుతుపవనం తడిపి పోయిన వెంటనే ఈశాన్య రుతుపవనం అందుకుంటుంది. ఏడాదిలో ఇంచుమించు ఎనిమిది నెలలు వాన పడుతూనే ఉంటుంది.

అందుచేత ఆడపిల్లల గౌనులకూ లంగాలకూ అమ్మ మూడంగుళాల బట్టను లోపలికి మడిచేది. మా తెలుగుదేశంలో పట్టుపరికిణీకి నడిమిన మడతలు వేసి, పిల్ల పెరిగిన కొద్దీ ఒక్కొక్కటే విప్పే ఆచారం ఉన్నది కదా. ఆ మడతలు అందరికీ కనబడతాయి, వాటిలో దాపరికం లేదు. పైగా అవి ఒక ముస్తాబు కూడాను. బడికి వేసుకొనే నీలి లంగాకు ఆ ముస్తాబు పనికిరాదు. దాచిన బట్ట లోపలనే ఉండాలి, దాచినట్లు బయటికి తెలియరాదు. తెలియకుండా కుట్టితేనే అది బజారులో కొన్న కొలతకు సరిపోయిన లంగా. లేకపోతే రేపటి కోసం నేడు వేసుకొన్న లంగా.

ఏడాది తిరిగేసరికి ఆ అంచు విప్పి దింపేవారు. దింపినప్పుడు పాత మడత గీత ఒకటి మిగిలిపోయేది. మడతలోపలి బట్ట ఎండ తగలక ముదురు నీలంగా ఉండేది. పైభాగం వెలిసి బూడిదరంగుకు దిగేది. మా తరగతిలో ఎవరు ఏడాదిలో ఎంత పొడుగు పెరిగారో వారి లంగా అడుగున ఉన్న ముదురు పట్టీని చూచి చెప్పగలిగేవాళ్లము. మడత గీతను తడిబట్ట వేసి ఇస్త్రీ చేసి పోగొట్టవచ్చు. రంగు తేడాను పోగొట్టే ఉపాయం మాత్రం నాకు ఇంతవరకు దొరకలేదు. అయితే ఆ పట్టీ మీద ఎక్కడా సూది బెజ్జాల వరుస కనబడేది కాదు. అది అమ్మ చేతి గొప్ప. అంచు మడత విప్పిన తరువాత కూడా ఆమె కుట్టిన జాడ దొరికేది కాదు.

నా చిన్నతనంలో మా ఇంటి రాబడిలో సగం ఆ చేతినుంచే వచ్చేది. నాన్నకు జెట్టీ దగ్గర వడ్రంగం. పని ఉన్ననాడు ఉన్నది, లేనినాడు లేదు. అమ్మకు నల్లని ఉషా మిషను ఒకటి ఉండేది. ఈ ఉషా మిషన్లను 1930వ దశకం నుంచి కలకత్తాలో తయారు చేసేవారు. అక్కడి ఓడలు నేరుగా ఇక్కడికి వచ్చేవి కాబట్టి మా దీవులలో అవి విరివిగా కనబడేవి. దాని మీద నిలువు కుట్లు కుట్టేది. కాని ఆమెకు పేరు తెచ్చినది చీర ఫాల్ కుట్టే పని. అయిదంగుళాల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు గల నూలుపట్టీని చీర అడుగంచున లోపలివైపు, కుచ్చెళ్లు వచ్చే చోట అతికించి కుట్టుతారు. చీర నిండుగా జారాలనీ, నేలకు రాచుకొని అంచు చిరగకుండా ఉండాలనీ దాని ప్రయోజనం. కుట్టే ముందు ఆ పట్టీని నీళ్లలో నానబెట్టి ఆరవేయాలి. అట్లా చేయకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకొని చీరను ముడుతలు పెట్టివేస్తుంది. చాలామంది కింది అంచును మిషను మీద లాగించి, పై అంచును మాత్రం చేతితో కుట్టుతారు. అమ్మ రెండూ చేతితోనే కుట్టేది. అంగుళానికి నాలుగు కుట్ల చొప్పున లెక్క వేస్తే ఒక్క పై అంచుకే ఇంచుమించు నాలుగు వందల కుట్లు. ప్రతి కుట్టులోనూ సూదిమొన చీరలోని ఒక పోగును, మహా అయితే రెండు పోగులను మాత్రమే అందుకోవాలి. దారాన్ని బిగించకూడదు, వదులూ చేయకూడదు. బిగిస్తే పైన గుంట పడుతుంది. వదిలితే కాలిపట్టీల మువ్వలకు తగులుకొంటుంది.

ఇంత పనికి కూలి అడిగినప్పుడు వినిపించే మాట ఒకటి ఉండేది: "నాలుగు పోగులు వేసినందుకు ఇంతా?" రవికెకు ఎంత అడిగినా బేరం ఆడి ఇచ్చేవారు గాని ఇట్లా అనేవారు కారు. రవికె కుట్టితే ఒక వస్తువు చేతికి వస్తుంది. ఫాల్ కుట్టితే ఇచ్చిన చీరే తిరిగి వస్తుంది, ఏమీ జరగనట్లు. పని ఎంత బాగా చేస్తే అంత తక్కువ కనబడుతుంది, ఎంత తక్కువ కనబడితే కూలి అంత ఎక్కువగా తోస్తుంది. ఈ చిక్కు మా అమ్మకు తెలియనిది కాదు. ఆమె జవాబు చెప్పేది కాదు. చీరను తిరగవేసి, లోపలి కుట్ల వరుసను ఒకసారి వారి ముందు పరచేది. కొందరు చూచేవారు, కొందరు చూడకుండానే డబ్బు లెక్కపెట్టేవారు.

చేతిపనికి వెలుతురు కావాలి. మా దీవులు 92, 93 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నప్పటికీ గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. అందువల్ల ఇక్కడ తెల్లవారడం ముందు, పొద్దుగుంకడమూ ముందే. కార్తికమాసంలో సాయంకాలం అయిదు కొట్టకముందే సూర్యుడు మునిగిపోతాడు. అమ్మ తెల్లవారుజామున లేచి వంట కానిచ్చి, గడప దగ్గర కూర్చొని, వెలుతురు ఉన్నంతసేపూ లేతరంగు చీరలు కుట్టేది. ముదురువి దీపానికి విడిచేది. ఈ ఏర్పాటు మీదనే ఆమె ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చింది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ నికోబారు దీవులకు చేసిన నాశనం ముందు మా పట్టణానికి కలిగిన నష్టం చెప్పుకోదగినది కాదు. అయినా భూకంపానికి ఇక్కడి నేల ఇంచుమించు ఒక మీటరు కుంగిపోయింది. సిప్పీఘాట్ వరిపొలాలలోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనుకకు పోలేదు. పల్లాన ఉన్న మా ఇంట్లో ఉప్పునీరు మోకాలి లోతున నిలిచింది. మేము మెరకకు పోయి మరునాడు తిరిగివచ్చి చూచేసరికి మిషను తొక్కుడుపలక దాకా బురద. అమ్మ దానిని ఎండలో పెట్టనివ్వలేదు. ముందు మంచినీళ్లతో ఉప్పు అంతా కడిగింది. తరువాత కిరసనాయిలుతో జాయింట్లన్నీ తోమించి, తుడిచి, నూనె పోసి, వారం రోజులు పొద్దునా సాయంత్రమూ ఉత్త చక్రం తిప్పింది. తోలుపట్టా కుళ్లిపోయింది, కొయ్యబల్ల ఉబ్బింది, యంత్రం బ్రతికింది. సూదులు మాత్రం ఒక్కటి కూడా మిగలలేదు. తుప్పు పట్టిన సూది బట్టలో దిగేటప్పుడు పోగును పక్కకు నెట్టదు, తెంపుతుంది. అందుచేత ఆమె వాటినన్నింటినీ గంధపు డబ్బాలో వేసి మూతపెట్టి పాతిపెట్టించింది. బయట పారవేస్తే పిల్లల కాళ్లలో దిగుతాయని.

ఆ తరువాత రెండేళ్లకే ఆమె కళ్లలో శుక్లాలు పెరిగినవి. శస్త్రచికిత్స అయింది, దూరపు చూపు బాగా వచ్చింది, హాడో రేవులో ఓడ పేరు చదవగలిగేది. కాని దగ్గరి చూపుకు అద్దాలు తప్పలేదు, అద్దాలు పెట్టుకొన్నా తెల్లబట్ట మీద తెల్లదారం ఆమెకు దొరికేది కాదు. కుట్లు అంగుళానికి నాలుగు కాస్తా మూడయ్యాయి. ఒకటి రెండు చోట్ల రెండు పోగులకు బదులు నాలుగు పోగులు అందుకొన్నది. ఒకరు చీర తిప్పి పంపారు. కూలి తగ్గించమన్నవారి మీద ఎన్నడూ కోపం తెచ్చుకోని మనిషి, ఆనాడు చీరను మడతపెట్టి నా చేతికిచ్చి, వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

2009లో నేను జిగ్‌జాగ్ మిషను కొన్నాను. దీనికి కరెంటు కావాలి. మా ఊళ్లో కరెంటు డీజిలు మీద పుట్టేది కాబట్టి దాని రాకపోకలు దాని ఇష్టం. పాత నల్లమిషనులో సూది పైకీ కిందికీ మాత్రమే పోతుంది. దీనిలో ఎడమకూ కుడికీ కూడా ఊగుతుంది. ఈ ఊపు గల మిషన్లు రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే ఇళ్లలోకి విరివిగా వచ్చినవి. ఈ ఊపు లేకపోతే మిషను మీద కనబడని అంచు కుట్టడం సాధ్యం కాదు. అమ్మ దానిని మొదటిసారి చూచి, "ఏటే ఇది, సూది కుట్టడానికొచ్చిందా, తైతక్కలాడడానికొచ్చిందా?" అని, నాలుగు నెలలు దాని దగ్గరికి రాలేదు.

ఆ పద్ధతి మాటలలో చెప్పడం కష్టమే గాని ప్రయత్నిస్తాను. ముందు బట్ట కొసను పోగులూడకుండా గొలుసుగానో వంకరకుట్టుగానో కట్టుకోవాలి. దానిని కావలసినంత లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, కచ్చాకుట్టు వేయాలి. ఇంతవరకు అందరికీ తెలిసినదే. ఇప్పుడు ఆ మడతను బట్ట ముఖం వైపుకు, అంటే వెనుకకు, ఇంకొకసారి మడవాలి. మడిచినప్పుడు కట్టిన కొస మాత్రం కుడివైపున పావు అంగుళం బయటికి వచ్చి ఉండాలి. ఈ రెండవ మడతే కొత్తవారిని తికమకపెడుతుంది, ఎందుకంటే మనం దాచదలచిన దానిని బయటికి తీసినట్లు అనిపిస్తుంది. మిషను పాదానికి నడుమ సన్నని రేకు ఒకటి ఉంటుంది. రెండవ మడత వెన్ను ఆ రేకును ఒరుసుకొంటూ పోవాలి. సూది ఆ బయటికి వచ్చిన కొస మీద నాలుగు నిలువు కుట్లు వేసి, అయిదవదానికి ఎడమకు ఒక గంతు వేసి, మడత వెన్నులో ఒకటి రెండు పోగులు పట్టుకొని, వెంటనే వెనుకకు వస్తుంది. కుట్టు పూర్తి అయినాక బట్ట విప్పి ఇస్త్రీ చేస్తే, ముఖం వైపున అర అంగుళానికొకటి చొప్పున సూదిమొనంత చుక్కలు తప్ప మరేమీ కనబడవు.

గంతు ఎక్కువైతే చుక్కలకు బదులు నిచ్చెన మెట్లు కనబడతాయి. తక్కువైతే మడతను అందుకోదు, నాలుగడుగులు నడిచేసరికి అంచు వేలాడుతుంది. ప్రతి బట్టకూ ఈ గంతు కొలత వేరు. ఆ బట్టదే చిన్న ముక్క మీద సరిచూచుకోకుండా పని మొదలుపెట్టరాదు. దారం బట్ట రంగుకంటె కొంచెం ముదురుది కావాలి, ఎందుకంటే రీలు మీద ముదురుగా ఉన్న దారం ఒంటిపోగుగా బట్టలో పడగానే తేలిపోతుంది. సూది సన్ననిది, పైదారం బిగువు కొంచెం సడలించి. గుండ్రని గేరా గౌనులకు మడత తక్కువ పెట్టాలి. వాటి కొస చుట్టుకొలత, అది వచ్చి కూర్చొనే చోటికంటె ఎక్కువ గనుక, ముందు పెద్ద కుట్లతో కొసను కొంచెం కుంచుకోక తప్పదు. ఇవన్నీ నేర్చుకొన్న తరువాత గంటకు మూడు బడిలంగాలు అవలీలగా దిగుతాయి. అమ్మకు ఒక్కదానికే గంట పట్టేది.

నాలుగు నెలల తరువాత ఒకనాడు ఆమె నేను కుట్టిన లంగాను తీసుకొని, ముఖం వైపు బొటనవేలితో తడిమి, ఇటు అటు లాగి, బాగున్నదని గాని బాగులేదని గాని అనకుండా, "కుట్టడం సరే. ఇప్పుడు ఇప్పి సూపించు" అన్నది.

ఆమె ప్రశ్న ఎక్కడిదో నాకు ఆ క్షణంలో అర్థమైంది. చేతికుట్టు విప్పాలంటే ఒక కొసన ముడి తెంపి, దారాన్ని మెల్లగా లాగితే, అది పాము పుట్టలోంచి వచ్చినట్లు వచ్చేస్తుంది. కర్మాగారాలలో కుట్టిన ప్యాంట్ల అంచూ అట్లాగే వస్తుంది. అక్కడ వంకర సూది గల వేరే యంత్రం ఒంటిదారంతో గొలుసుగా కుట్టుతుంది. తగిన కొస దొరికితే అంతా ఒక్క లాగుకు ఊడిపోతుంది, మనం కోరకపోయినా సరే. ఇంటి మిషను కుట్టులో పైదారమూ బాబిన్ దారమూ ప్రతి కుట్టు దగ్గరా ఒకదానినొకటి పెనవేసుకొంటాయి. అది దానంతట ఊడదు. మనం ఊడదీయాలన్నా ప్రతి గంతునూ వేరువేరుగా తెంపాలి. నేను తెంపుతూ పోయాను, ఆమె చూస్తూ కూర్చొన్నది. ఒక మీటరు విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. విప్పిన నూలుబట్టను ఆమె తడిపి ఆరవేసి, సాయంకాలం మళ్లీ చూచింది. బెజ్జాలు పూడిపోయినవి. మరునాడు నా చేతికి ఒక పాత పట్టుచీర ముక్క ఇచ్చి, దీని మీద కుట్టి విప్పమన్నది. పట్టులో పడిన బెజ్జం పూడదు. ఆ ముక్క మీద అర అంగుళానికొకటి చొప్పున సన్నని వెలుగుచుక్కల వరుస ఇప్పటికీ ఉన్నది. దానిని నేను దారాల పెట్టెలో దాచుకొన్నాను.

వాదం అక్కడ ఒక కొలిక్కి వచ్చింది. నూలూ, నూలు కలిసిన బడిబట్టలూ మిషనుకు. పట్టు ఎన్నటికీ చేతికే. ఆమె చేయి ఇక పట్టు కుట్టలేదు గనుక అది నా చేయి కావాలి. ఉదయం వంట కాకముందు, గడప దగ్గర, ఆమె ప్రక్కన కూర్చొని నేర్చుకొన్నాను. ఆమె చూపుతో కాక వేలితో పరీక్షించేది. ఎక్కడ దారం బిగిసిందో గోటితో తాకి చెప్పేది.

యంత్రాలను గూర్చి గాంధీగారు ఏమన్నారో ఈ సందర్భంలో నాకు తరచు జ్ఞాపకం వస్తుంది. 1924లో ఒక యువకుడు మీరు యంత్రాలన్నిటికీ విరోధులా అని అడిగితే, ఆయన కుట్టుమిషనును మినహాయించినారు. సింగరు అనేవాడు తన భార్య చేతితో కుట్టుతూ పడే శ్రమ చూడలేక, ప్రేమతో దానిని కల్పించినాడన్నది ఆయన చెప్పిన కారణం. సింగరుగారి గృహజీవితం తెలిసినవారు ఈ కథ దగ్గర కొంచెం ఆగుతారు. పైగా 1851లో ఆయన పేటెంటు పుచ్చుకోవడానికి అయిదేళ్ల ముందే, 1846లో, ఎలియస్ హౌ రెండుదారాల కుట్టుకు పేటెంటు పుచ్చుకొన్నాడు. అయినా గాంధీగారు ఆ యంత్రాన్ని చూచిన కోణం సరియైనదని నా అభిప్రాయం. ఎవరి వేళ్ల శ్రమ తగ్గింది, ఆ తగ్గిన శ్రమ వల్ల వచ్చిన రాబడి ఎవరి చేతిలో పడింది అన్నదే అడగవలసిన ప్రశ్న. మా ఇంట్లో శ్రమ తగ్గింది. కాని తగ్గిన మరుక్షణమే కూలి కూడా తగ్గించమని బేరం మొదలైంది: "మిషనేగా కుట్టేది." చేతితో కుట్టినప్పుడు నాలుగు పోగులు, మిషనుతో కుట్టినప్పుడు మిషనుపని. మనిషికి మాత్రం దేనిలోనూ వాటా లేదు.

ఈ బేరానికి విరుగుడు అమ్మే కనిపెట్టింది. ఇప్పుడామె కుట్టదు, విప్పుతుంది. పెరిగిన పిల్లల లంగాలు, గౌనులు దింపడానికి వస్తే వాటి అంచులు ఆమె ఒళ్లో పడతాయి. కళ్లు మూసుకొని బొటనవేలి గోటితో గంతును వెతికి, చిన్న కత్తెర మొన దూర్చి తెంపుతుంది. బట్టకు గీటు పడదు. వాకిటి తలుపు మీద నేను రాసి అంటించిన కూలి పట్టికను ఆమె దిద్దించింది. అంచు కుట్టుటకు ఇంత అని ఉన్న వరుస కింద, అంచు విప్పుటకు దానికి ఒకటిన్నర రెట్లు అని వేయించింది. విప్పడానికి ఎక్కువేమిటని అడిగినవారికి ఆమె లంగాను చేతికిచ్చి, కత్తెర ముందు పెట్టి, మీరే విప్పుకోండి అంటుంది. ఇంతవరకు ఇద్దరు ప్రయత్నించారు. ఒకామె అరగంట కూర్చొని, నాలుగంగుళాలు విప్పి, టీ తాగి, పట్టికలో ఉన్న కూలి ఇచ్చి వెళ్లింది. రెండవ ఆమె బట్ట కోసుకొన్నది. ఆ చిరుగును రఫూ చేసినందుకు అమ్మ ఏమీ పుచ్చుకోలేదు.

ఇక్కడి ఉప్పుగాలికి మిషను పాదాలు, సూదులు నూనెగుడ్డలో చుట్టి పెట్టకపోతే నెల తిరగకుండా మచ్చలు పడతాయి. అంచు కుట్టే పాదం మొదటిది అట్లాగే పోయింది. రెండవది విశాఖపట్నం నుంచి తెప్పించాను. అది వచ్చినప్పటి నుంచి అమ్మ తన సూదుల డబ్బాలోనే ఉంచుతున్నది. కావలసినప్పుడు అడిగి తీసుకోవాలి, పని కాగానే తుడిచి ఇవ్వాలి.